ధ్వనులను జల్లించు విద్య



వయసు మళ్లినవారిలో పెక్కండ్రు చెప్పుకొను మాట యొకటి కలదు. "శబ్దము వినబడుచునే యున్నది గాని మాట తెలియుట లేదు" అని. ఇంటిలోని చిన్నవారికి ఇది విడ్డూరముగా దోచును. వినబడినప్పుడు తెలియకపోవుట యేమని విసుగుకొని మరింత బిగ్గరగా నరచెదరు. అరచినను ఫలము స్వల్పమే. పెద్దలు చెప్పినది అక్షరాల నిజము. శబ్దము చెవిని బడుట వేరు; కలగలసిన శబ్దములలోనుండి కావలసినదానిని ఏరుకొనుట వేరు. ఈ ఏరుకొను విద్యను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. విద్యుచ్ఛాస్త్రజ్ఞులు ఇట్టి పనికై కల్పించిన యుపకరణమునకు 'ఆక్టివ్ బ్యాండ్ పాస్ ఫిల్టరు' అని పేరు. పేరు పెద్దదైనను విషయము మన కళ్లములోనిదే.

కళ్లములో నూర్చిన ధాన్యమును మనము రెండు జల్లెడలతో శుభ్రపరతుము. మొదటి జల్లెడ కన్నములు పెద్దవి. గింజలు క్రిందికి దిగును, గడ్డిపరకలును వెన్నులును పైన నిలుచును. రెండవ జల్లెడ కన్నములు చిన్నవి. ఇసుకయు దుమ్మును క్రిందికి రాలును, గింజలు పైన నిలుచును. మిక్కిలి పెద్దదియు పోయెను, మిక్కిలి చిన్నదియు పోయెను. నడుమనున్న గింజ మనకు దక్కెను. 'బ్యాండ్ పాస్' అను మాటకు అర్థమిదియే: రెండు హద్దుల నడుమనున్నదానిని మాత్రము పోనిచ్చుట.

గింజలకు పరిమాణమున్నది. ధ్వనులకు పరిమాణమేది? ధ్వని యనగా గాలియొక్క కంపనము. సెకనునకు ఎన్నిమారులు కంపించుననునదే దాని కొలత. బొంగురు స్వరమునకు కంపనములు తక్కువ, కీచు స్వరమునకు ఎక్కువ. ఆరోగ్యవంతుడైన బాలుని చెవి సెకనునకు 20 మొదలు 20,000 కంపనముల వరకు గ్రహించును. మన మాటలో 'ఆ', 'ఓ' వంటి అచ్చుల బలము చాలవరకు 1,000 కంపనముల చుట్టుపట్లను, అంతకు దిగువను ఉండును. 'స', 'ష' వంటి హల్లుల సవ్వడి 2,000కు పైబడి 8,000 వరకు వ్యాపించును. టెలిఫోను వారు 300 మొదలు 3,400 వరకు గల పట్టీని మాత్రము పోనిచ్చి, మాట తెలియుటకు అది చాలునని నిర్ణయించిరి. మైక్రోఫోను ఈ గాలి కంపనములను అదే లెక్కగల విద్యుత్కంపనములుగా మార్చును. ఇక జల్లింపవలసినది తీగలోని విద్యుత్తును.

అందులకు కావలసిన సామగ్రి మిక్కిలి స్వల్పము. ఒకటి రెసిస్టెన్సు, అనగా విద్యుత్ప్రవాహమునకు అడ్డు కలిగించునది; దీని కొలత ఓములు. రెండవది కండెన్సరు, అనగా ఒకదాని కెదురుగా నొకటి తాకకుండ నిలిపిన రెండు లోహపు రేకులు. ఇది విద్యుత్తును నిలువచేయును. దీని కొలత మైక్రోఫారడ్లు. రెసిస్టెన్సును సన్నని తూముగాను, కండెన్సరును చెరువుగాను భావింపుడు. కాలువలోని నీరు తూము ద్వారా చెరువునకు చేరుచున్నది. కాలువలో అలలు క్షణక్షణము లేచి పడినను చెరువు మట్టము కదలదు. కాలువ దినములతరబడి నెమ్మదిగా హెచ్చి తగ్గినచో మట్టము దాని ననుసరించును. అట్లే ఈ జంట మెల్లని కంపనములను పోనిచ్చి, వడిగల కంపనములను అణచివేయును.

ఇదే కండెన్సరును ప్రవాహపు దారిలోనే నిలిపినచో పని తారుమారగును. నీటి గొట్టమునకు అడ్డముగా సాగెడు తోలును బిగించితిమనుకొందము. ఒకవైపునుండి నీటిని అదేపనిగా నెట్టినచో తోలు ఉబ్బి నిలిచిపోవును. ఆవలికి చుక్కయు పోదు. వడివడిగా ముందునకు వెనుకకు నూపినచో ఆ యూపు తోలు ద్వారా ఆవలి నీటికి సోకును. కావున ఈ రెండవ జంట వడిగల కంపనములను పోనిచ్చి, మెల్లనివానిని నిలుపును. రెండు జంటలను ఒకదాని వెనుక నొకటి నిలిపినచో మన రెండు జల్లెడలు సిద్ధమైనట్లే.

హద్దు ఎచ్చట పడవలెనో మనమే లెక్కగట్టి నిర్ణయింపవచ్చును. రెసిస్టెన్సు ఓములను కండెన్సరు ఫారడ్లతో గుణించి, ఆ లబ్ధమును 6.28తో హెచ్చించి, వచ్చినదానితో ఒకటిని భాగించిన చాలును. 16,000 ఓముల రెసిస్టెన్సును, 0.01 మైక్రోఫారడు కండెన్సరును తీసికొన్నచో సుమారు 1,000 కంపనములు వచ్చును. రెండు జంటలకును ఇవే కొలతలు పెట్టినచో జల్లెడకు నడిమి స్థానము 1,000 అగును.

పని ముగిసినదని సంతోషింపబోవుదుము గాని, ఇచ్చటనే చిక్కున్నది. ఈ జల్లెడ నుండి వెలువడునప్పటికి 1,000 కంపనముల స్వరము కూడ మూడవవంతునకు తగ్గిపోవును. మనకు కావలసిన గింజలే మూడింట రెండుపాళ్లు నష్టమైనవన్నమాట. అంతకంటె పెద్ద దోషము మరియొకటి: జల్లెడ కన్నములు మరీ అలసటగా నున్నవి. 300 మొదలు 3,300 వరకు గల స్వరములన్నియు, నడిమి స్వరముతో పోల్చినచో పదింట ఏడుపాళ్లకు తగ్గని బలముతో సాగిపోవుచున్నవి. 2,000 కంపనముల స్వరము నడిమిదానిలో పదింట తొమ్మిదిపాళ్లు నిలిచియే యున్నది. ఇట్టి జల్లెడతో దగ్గరదగ్గర స్వరములను విడదీయుట కల్ల. ఇట్టి జల్లెడలను ఎన్నింటిని వరుసగా పేర్చినను నష్టము మిక్కిలి పెరుగును, అంచులు మాత్రము కొంతయే పదునెక్కును.

తీగచుట్టలను కూడ వాడినచో పదును వచ్చును. 1915 ప్రాంతమున అమెరికాలో జార్జి కాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్, ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, తీగచుట్టలను కండెన్సర్లను కూర్చి టెలిఫోనులకై చక్కని జల్లెడలు చేసిరి. రేడియో తరంగములు సెకనునకు లక్షల కంపనములు గలవి గనుక వానికి చిన్న చుట్టలే చాలును. మాటల కంపనములు వందలును వేలును మాత్రమే. వానికి చుట్ట మిక్కిలి పెద్దది కావలెను. పైని చెప్పిన 0.01 మైక్రోఫారడు కండెన్సరుతో 1,000 కంపనములకు శ్రుతి చేయుటకు రెండున్నర హెన్రీల చుట్ట కావలెను. అనగా ఇనుప దిమ్మకు చుట్టిన వేలకొలది చుట్లు. అట్టిదానిని బల్లమీద నుంచవచ్చును గాని చెవిలో దోపుకొనజాలము గదా.

అందువలన శాస్త్రజ్ఞులు వేరొక యుపాయము పన్నిరి. నష్టపోయినదానిని బయటినుండి తెచ్చి పూరించు సహాయకుని నొకనిని జల్లెడ ప్రక్కన నిలిపిరి. వాడే ఆంప్లిఫయరు. బ్యాటరీ నుండి బలము తీసికొని, తనకు చేరిన కంపనమును అదే రూపముతో పెంచి యిచ్చుట వాని పని. పేరులోని 'ఆక్టివ్' అను మాట వానిని గూర్చినదే. అయితే బయటికి పోవు ద్వారమున నిలిపి బలమును పెంచినంత మాత్రమున లాభము లేదు. గింజయు తాలును కలిసియే పెరుగును. పెంచినదానిలో కొంత మరల ప్రవేశద్వారమునకు పంపుటలోనే కిటుకున్నది.

ఉయ్యాల నూపుట మీరెరుగుదురు. ఒకమారు ఊపి వదలినచో గాలి ఒరపిడిచేతను గొలుసుల రాపిడిచేతను క్రమముగా నెమ్మదించును. తిరిగి వచ్చిన ప్రతిమారును, సరిగా ఆ యదనుననే, చిటికెనవ్రేలితో తాకినను ఉయ్యాల నానాటికి ఎత్తునకు లేచును. అదను తప్పి నెట్టినచో ఊపు చెడును. మన జల్లెడలో నడిమి స్వరము మాత్రమే చుట్టు తిరిగి సరియైన అదనునకు ప్రవేశద్వారమును చేరును. తక్కిన స్వరములు కొంత ముందుగనో వెనుకగనో వచ్చును. అంతేకాక బలహీనపడి వచ్చును.

లెక్క చూడుడు. నడిమి స్వరము జల్లెడలో మూడవవంతగును. సహాయకుడు దానిని 2.7 రెట్లు పెంచెననుకొందము. మొదటి బలములో పదింట తొమ్మిదిపాళ్లు తిరిగి ప్రవేశించినట్లు. అది మరల తిరిగి వచ్చునప్పటికి వందకు ఎనుబదియొకపాళ్లు. ఇట్లు వడ్డీపై వడ్డీ చేరినట్లు కూడుచు, మొత్తము పదిరెట్లయి నిలుచును. 2,000 కంపనముల స్వరమో, అదను తప్పుటచేత సుమారు రెండురెట్లు మాత్రమే యగును. మునుపు నడిమి స్వరములో పదింట తొమ్మిదిపాళ్లుగా నుండినది ఇప్పుడు అయిదింట నొకపాలునకు దిగెను. 3,000 కంపనముల వెడల్పుగల పట్టీ 300కు ఇరుకాయెను. తీగచుట్ట లేదు, ఇనుప దిమ్మ లేదు; పదును మాత్రము వచ్చినది. వందకు తొంబదితొమ్మిది పాళ్లు తిరిగి వచ్చునట్లు చేసినచో పట్టీ వెడల్పు 30 కంపనములే.

అయితే సహాయమునకు మితి యుండవలెను. సహాయకుడు సరిగా మూడురెట్లు పెంచెనా, నష్టమంతయు పూడిపోవును. ఉయ్యాల ఇక ఆగదు. బయటినుండి ఏ ధ్వనియు రాకున్నను జల్లెడ తనంతట తానే 1,000 కంపనముల స్వరమును పాడుచుండును. వినవలసినది పాడ మొదలిడినచో ఇక వినుట యెక్కడిది? పదును ఎంత కోరుదుమో ఈ ప్రమాదము అంత చేరువగును. వందకు తొంబదితొమ్మిది యున్నచోట ఒక్కపాలు హెచ్చినను పని చెడినట్లే.

తొలినాటి వాల్వు ఆంప్లిఫయర్ల బలము వేడికిని వయసునకును మారుచుండెడిది. అట్టివానిని నమ్మి కత్తి యంచున నిలుచుట యెట్లు? 1927 ఆగస్టు 2వ తేదీన హెరాల్డ్ బ్లాక్ అను అమెరికా ఇంజనీరు, హడ్సన్ నదిని పడవలో దాటుచు, దీనికి మార్గము కనుగొనెను. చేతనున్న వార్తాపత్రిక పుటమీదనే దానిని గీసికొనెను. ఆంప్లిఫయరునకు అవసరమునకు మించిన బలమిచ్చి, ఆ బలములో అధికభాగమును దానినే అదుపు చేయుటకు ఎదురు మరలించుటయే ఆ మార్గము. బలము తగ్గును గాని, మిగిలినది మారక నిలకడగా నుండును. పిమ్మట 1955లో అమెరికాలోని శాలెన్, కీ అను నిరువురు, రెసిస్టెన్సులు, కండెన్సర్లు, ఒక సహాయకుడు, ఇవి మాత్రమే పెట్టి నమ్మదగిన జల్లెడలను చేయు పద్ధతులను ప్రకటించిరి. 1968లో వెలువడిన 741 అను చిప్పు, లక్షరెట్లకు మించి పెంచగల సహాయకుని వ్రేలిగోరంత తావులో ఇమిడ్చెను. అటుపిమ్మట ఇట్టి జల్లెడలు ఎల్లయెడల వ్యాపించినవి. ఆసుపత్రిలో గుండె కొట్టుకొను తీరును గీసి చూపు ఇ.సి.జి. యంత్రము కూడ సెకనునకు 0.05 మొదలు 150 కంపనముల వరకు గల పట్టీని ఏరుకొనియే మనకు చూపును.

ఇంతవరకు చెప్పినది మానవుడు చేసిన జల్లెడ. ఇక పుట్టుకతోనే మనకు లభించిన జల్లెడను చూతము. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన యొక గొట్టమున్నది. అందులో పొడవున సాగిన సన్నని పొర యొక్కొక్కచోట ఒక్కొక్క స్వరమునకు ఊగును. మొదట కీచు స్వరములు, చివర బొంగురు స్వరములు. అనగా వరుసగా పేర్చిన జల్లెడలు. దీనిని కన్నులార చూచి కొలిచిన హంగరీ దేశీయుడు బెకెషీకి 1961లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన ముఖ్యముగా పరీక్షించినది మృతుల చెవులను. అందులో పొర విశాలముగా, పదును లేక ఊగెను. బ్రతికియున్న మనుష్యుడు ఇంత సూక్ష్మముగా స్వరభేదములను పట్టుట మరి యెట్లు?

1948లోనే తామస్ గోల్డ్ అను యువశాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో దీనికి సమాధానము చెప్పెను. చెవిలో కూడ బలము నిచ్చు సహాయకు లుండవలెననియు, తిరిగి నెట్టుటచేతనే పదును వచ్చుచున్నదనియు అతని వాదము. అట్లయినచో ఒక్కొక్కప్పుడు చెవియే స్వయముగా పాడవలెనని కూడ అతడు తలచెను. నాడు అతని మాటను లెక్కచేసినవారరుదు. ముప్పది సంవత్సరములకు పిమ్మట, 1978లో, లండనులో డేవిడ్ కెంప్ సూక్ష్మమైన మైక్రోఫోనును చెవిలో నుంచి, చెవి నుండి బయటికి వచ్చు ధ్వనిని పట్టి చూపెను. నేడు పసికందులకు వినికిడి యున్నదో లేదో చూచుటకు ఈ ధ్వనినే పరీక్షించుచున్నారు. ఆ సహాయకులు ఎవరనగా, ఒక్కొక్క చెవిలో సుమారు 12,000 వెలుపలి రోమకణములు. బ్రతికిన చెవికిని చచ్చిన చెవికిని గల భేదము వీరే.

ఇప్పుడు మొదట చెప్పిన మాట యొక్క అర్థము తేటపడును. వయసుచేతను, దీర్ఘకాలము పెద్ద శబ్దముల నడుమ నుండుటచేతను, ఈ సహాయకులు ఒక్కరొక్కరుగా నశింతురు. మనుష్యులలో వారు మరల పుట్టరు. సాధారణముగా కీచు స్వరములకు చెందినవారే ముందుగా పోవుదురు. కావున అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. అంతేకాదు, జల్లెడ కన్నములు వెడలుపైపోవును. నలుగురు మాట్లాడుచోట ఒకరి మాట మరియొకరి మాటలో కలిసిపోవును. ఏకాంతమున తెలిసిన మాట పందిరిలో తెలియకపోవుట ఇందువలననే. ఇది పరధ్యానము కాదు, బుద్ధిమాంద్యమును కాదు.

మా పెదనాయనగారు తిరునాళ్లలో చౌకగా వచ్చినదని, చెవిలో పెట్టుకొను పెట్టెనొకదానిని కొనిరి. అది అన్ని ధ్వనులను ఒక్కతీరుగా పెంచునది. పెండ్లిలో దానిని ధరింపగా పళ్లెముల చప్పుడును, పంకాల రొదయు, డోలు దెబ్బయు తల పగులగొట్టినవి. ప్రక్కనున్న వియ్యంకులవారి మాట మాత్రము మునుపటివలెనే తెలియలేదు. ఆయన దానిని పెట్టెలో పడవేసి, ఈ యంత్రములన్నియు వట్టి మోసమని నిశ్చయించుకొనిరి. మంచి వినికిడి యంత్రము అట్టిది కాదు. అది ధ్వనిని పట్టీలుగా జల్లించి, ఏ పట్టీలో మన చెవి బలహీనమో ఆ పట్టీకి మాత్రమే తగిన బలమిచ్చును. మునుపు ఆ జల్లింపు పైని చెప్పిన సాధనములతో జరిగెడిది. నేటి యంత్రములలో చాలవరకు అంకెలతో, లెక్కలు గట్టి, జరుగుచున్నది. సూత్రము ఒక్కటే.

కావున యంత్రమును కొనుటకు ముందు చెవిని పరీక్ష చేయించుకొనవలెను. 250, 500, 1,000, 2,000, 4,000, 8,000 కంపనముల స్వరములను ఒక్కొక్కటిగా వినిపించి, ఏది యెంత బిగ్గరగా నున్నప్పుడు వినబడునో కాగితముపై గుర్తింతురు. ఆ కాగితమే మీ జల్లెడ యొక్క పటము. దానిని చూచి యంత్రమును అమర్చవలెను. ఒకరి యంత్రము మరియొకరికి పనికిరాదు. ధరించిన పిమ్మట అది కూయుచున్నచో భయపడకుడు. చెవినుండి తప్పించుకొనిన ధ్వని మరల మైక్రోఫోనును చేరి, చుట్టు తిరిగి, మితి మీరినదని అర్థము. చెవికి సరిగా బిగియునట్లు చేయించినచో చాలవరకు మానును. యంత్రము పోయిన బలమును కొంత తెచ్చియిచ్చును గాని, పోయిన పదునునంతయు తేజాలదు. అందువలన ఇంటివారు ఎదుట కూర్చుండి, ముఖము కనబడునట్లు, నెమ్మదిగా మాట్లాడవలెను. అరపుకంటె ఇది మేలు.

ఇక మీ మనుమలకు చెప్పవలసిన మాట యొకటి. ఉత్సవములలో స్పీకరు పెట్టెల ముందర నిలుచువారును, నూర్పిడి యంత్రముల వద్ద దినమంతయు పనిచేయువారును చెవులను కాపాడుకొనవలెను. యంత్రములోని సహాయకుడు చెడినచో కొన్ని రూపాయలకు మరియొకడు దొరకును. చెవిలోని సహాయకులను అమ్ము అంగడి ఇంతవరకు ఎచ్చటను లేదు.